ముందు లెక్కల పుస్తకం తీయండి

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. తిరుపతిలో మాది చిన్న క్రైస్తవ సంఘం. ఆదివారం అరవై, డెబ్బై మంది వస్తారు. చదువుకున్న పిల్లలంతా బెంగళూరు, చెన్నై వెళ్లిపోయారు. కమిటీ కూర్చుంటే కాంపౌండ్ గోడ, సౌండ్ సిస్టమ్ తప్ప మరో మాట రాదు. మూడు రోజులు ఉజ్జీవ కూటాలు, అంటే భక్తిని రగిలించే ప్రసంగ సభలు పెట్టి, 'మన దర్శనం' (సంఘం లక్ష్యం) అని పెద్ద బ్యానర్ కడితే సంఘం మేలుకుంటుందని కొందరు పెద్దలంటున్నారు. నాకు నమ్మకం లేదు. అసలు మేం ఇక్కడ ఎందుకున్నామో ఎలా తేల్చుకోవాలి?
– ఒక సంఘ కార్యదర్శి, తిరుపతి

జవాబు: తమ్ముడూ, వందనాలు. కూటాలు పెట్టుకోండి, వద్దనను. కానీ ప్రసంగీకుడు నాలుగో రోజు రైలెక్కుతాడు, మీరు అక్కడే ఉంటారు. ముందు నిరుటి లెక్కల పుస్తకం తీసి కమిటీ ముందు పెట్టండి. కానుకల్లో కాంపౌండ్ లోపల ఎంత ఖర్చయింది, గేటు దాటింది ఎంత? సంఘం దేనికోసం బతుకుతోందో ఆ రెండు అంకెలే చెబుతాయి.

పాస్టరైన మా అయ్యగారు పలమనేరు వైపు పనిచేసినప్పుడు స్త్రీల సమాజం వాళ్లు పూటపూటా వంట బియ్యంలోంచి పిడికెడు తీసి పక్కన పెట్టేవారు. ఆదివారం ఆ బియ్యం చర్చికి వచ్చేది. వాళ్లంతా కూలికి పోయే ఆడవాళ్లే! అది ఎవరింటికి చేరాలో కూడా వాళ్లే చెప్పేవారు. ఏ వీధిలో పొయ్యి వెలగలేదో కమిటీకేం తెలుసు? బైబిల్లో అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చూడండి. తొలి సంఘంలో రోజూ పంచేదాంట్లో తమ విధవరాళ్లను పట్టించుకోవడం లేదని గ్రీకు మాట్లాడేవాళ్లు సణిగారు. వాళ్ల నోరు మూయించలేదు, ఏడుగురిని ఎన్నుకుని ఆ పని అప్పగించారు. మీ సంఘంలో సణుగుతున్నదెవరో కాస్త వినండి.

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం సంగతి మీకు తెలిసే ఉంటుంది. క్షయకు (టీబీకి) మందే లేని కాలంలో, 1915లో, కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి అక్కడ శానటోరియం, అంటే క్షయ రోగుల ఆసుపత్రి తెరిచాయి. విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, ఇవే అప్పటి వైద్యం. మనవాళ్లు ఆ ఘనత చెప్పుకుని మురిసిపోతారు గానీ, క్షయ ఇంకా పోలేదు కదా. ఇప్పుడు మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. మామూలు క్షయకు ఆరు నెలలు వాడాలి. అన్నాళ్లు కూలి పోగొట్టుకున్న మనిషికి కొరత తిండి దగ్గరే. 2022లో మొదలైన 'ని-క్షయ్ మిత్ర' అనే ప్రభుత్వ పథకంలో వ్యక్తులైనా, సంస్థలైనా పేరు నమోదు చేసుకుని, ఒప్పుకున్న రోగికి ఆ ఆరు నెలలూ పప్పు, నూనె, పాలపొడి లాంటివి ఇవ్వవచ్చు. మీ డెబ్బై మందికి ఇద్దరు రోగుల తిండి బరువేమీ కాదు. బెంగళూరు పిల్లలనూ అడగండి. ఊరికే కానుక పంపమంటే పంపనివాళ్లు దీనికి పంపుతారు.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఆ తిండి ఇచ్చే సంచిలో కరపత్రం పెట్టొద్దు, ఫోటోలు తీయొద్దు. మీది తిరుపతి. మనం అన్నం పెడితే వెనక మతప్రచారం ఉందేమోనని చూస్తారు. దానికి కోపం తెచ్చుకోవద్దు. ఎందుకిస్తున్నారని అడిగితే చెప్పండి, అడగకపోతే పప్పు ఇచ్చి వచ్చేయండి. ఇది సువార్త ఎలా అవుతుందని పెద్దలెవరైనా అంటే, యేసు చెప్పిన కథలో, దారిలో దెబ్బలు తిని పడున్నవాడిని ఆదుకున్న మంచి సమరయుడు అతనికి ఏం బోధించాడో చూపించమనండి.

ఈ పథకం సంగతి కనుక్కోవడానికి జిల్లా క్షయ నివారణ అధికారి ఆఫీసుకు వెళ్లేటప్పుడు మీ కోశాధికారిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. ఖర్చెంతో, ఎన్ని నెలలో ఆయన చెవులతో ఆయనే వింటే, కమిటీలో మీరు వాదించాల్సిన పని సగం తగ్గుతుంది.