ఎవరి రికార్డుల పెట్టె మేలు? రికార్డు ఒక వైపు చివరి పాట వేసి చూడండి

అడిగిన ప్రశ్న: "నాన్నగారి కాలం నాటి ఘంటసాల, బాలమురళి, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి ఎల్పీలు (పెద్ద నల్ల రికార్డులు) మా ఇంట్లో నలభై దాకా ఉన్నాయి. మా స్నేహితుడి దగ్గర రికార్డులు, క్యాసెట్లు, సీడీలు కలిపి రెండు వందల పైమాటే. ఎవరిది మంచి సేకరణో తేల్చేదెలా? ఎల్పీలో పాట సీడీ కన్నా బాగుంటుందనేది నిజమేనా?"

లెక్కపెట్టి తేల్చే సంగతి కాదండీ ఇది. నలభై ఎల్పీల్లో ముప్పై ఐదు శుభ్రంగా పలికితే చాలు, నూట యాభై గరగరలాడే రెండు వందల పెట్టె దాని ముందు నిలవదు. తేల్చే పద్ధతి ఒకటుంది. ఇద్దరి దగ్గరా ఉన్న రికార్డు ఒకటి తీయండి. ఒకే ప్లేయర్ మీద, ఒకే ముల్లుతో, ఒకే వాల్యూంలో రెండు ప్రతులూ వేయండి. మొదటి పాట వద్దు, ఆ వైపు చివరి పాట పెట్టండి.

చివరి పాటే ఎందుకంటే, ఎల్పీ ఎక్కడైనా నిమిషానికి 33⅓ చుట్లే తిరుగుతుంది. అంచు దగ్గర ముల్లు కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్ల గాడి జరిగిపోతుంది, లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అంత పాటా సగం కన్నా తక్కువ జాగాలో ఇరుక్కోవాలి. అందుకే అరుగుదల ముందు అక్కడ బయటపడుతుంది, అదీ శ, ష, స, చ అక్షరాల దగ్గర. మంచి ప్రతిలో "శ" అంటే "శ" అనే వినిపిస్తుంది. అరిగిన ప్రతిలో అదే అక్షరం వెనక పిడికెడు ఇసుక రాలినట్టు వినిపిస్తుంది. గొంతు పైస్థాయిలో నిలిచిన చోట అంచు చీలినట్టుంటే, ఎవరో మొద్దుబారిన ముల్లుతో ఏళ్ళ తరబడి వాయించారని అర్థం. ఏ సబ్బునీళ్ళూ దాన్ని బాగుచేయలేవు.

ఈ పరీక్షకు ఘంటసాల భగవద్గీతను మించిన రికార్డు లేదు. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయాక విడుదలై, గుళ్ళల్లోనూ ఇళ్ళల్లోనూ ఆగకుండా మోగింది. ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం ఎక్కువ, శ్లోకాల్లో శ, ష, సలకు కొదవ లేదు. ఒక్క మాట ఇక్కడ చెప్పి తీరాలి. ఇప్పుడు ఆ గొంతు వినపడితే చాలు, వీధిలో ఎవరు పోయారని జనం అడుగుతున్నారు. శవయాత్ర బండికి అంటగట్టేశారు దాన్ని. అంత నిండుగా పాడిన మనిషికి ఇది పెద్ద అన్యాయం. శుభ్రమైన ప్రతి మీ చేతిలో ఉంటే, అందరూ బాగున్న రోజున పొద్దున్నే వేసి వినండి.

ముల్లు పెట్టేముందు కళ్ళతో చూడాల్సినవి చాలా ఉన్నాయి. రికార్డును అంచులు, లేబుల్ పట్టుకుని టార్చి వెలుగులో ఏటవాలుగా తిప్పండి. నల్లగా అద్దంలా మెరిస్తే బాగున్నట్టు. బూడిద రంగు పొర కమ్మి, ఎంత కడిగినా పోకపోతే గాడి అరిగినట్టే. నడిమి రంధ్రం చుట్టూ లేబుల్ మీద సన్నటి గీతలు సాలెగూడులా ఉన్నాయంటే, రంధ్రం కోసం తడుముతూ చాలాసార్లు పెట్టారన్నమాట. కవరు కొత్తగా కనిపించినా ఆ గీతలు అబద్ధం చెప్పవు. గీతల సంగతికొస్తే, గోరుతో మెల్లగా తడిమినప్పుడు తగలనివి చాలామటుకు వినపడవు. గోరుకు తగిలేది 1.8 సెకన్లకోసారి "టిక్" మంటుంది, ఎందుకంటే ఒక చుట్టుకు పట్టేది అంతే. సుప్రభాతం ఎల్పీ అయితే రోజూ తెల్లవారుజామున వేసిన వైపు వేరుగా, అవతలి వైపు వేరుగా ఉంటుంది. రెండు వైపులా చూడకుండా డబ్బు ఇవ్వకండి.

గరగర అంతా అరుగుదలే అనుకోనక్కర్లేదు. సగం మట్టే. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ మూడు నాలుగు చుక్కలు, అంతకు మించి వద్దు. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడి గుండ్రంగా తుడవండి, అడ్డంగా ఎప్పుడూ తుడవకండి. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగి, గిన్నెల స్టాండులో నిలబెట్టి ఆరనివ్వండి. ఫ్యాను కింద పెడితే గదిలోని దుమ్మంతా తడి గాడిలోకి చేరుతుంది. బోరు నీళ్ళతో మాత్రం కడగొద్దు. బకెట్ అంచున తెల్లగా పేరుకునే సున్నమే గాడిలోనూ పేరుకుని, ముందుకన్నా ఎక్కువ చిటపటలాడుతుంది. లేబుల్ తడవకూడదు, తడిస్తే రంగు కారుతుంది.

వానాకాలంలో పట్టే తెల్లటి బూజు మచ్చలకు సబ్బునీళ్ళు చాలకపోతే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతుకు నాలుగు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి తుడవచ్చు. ఇది ఎల్పీలు చేసే వినైల్ ప్లాస్టిక్‌కు మాత్రమే. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత 78 ప్లేట్లు లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే లక్క కరిగిపోతుంది. ఒక్క తుడుపుతో ప్లేటు నాశనం. దొరక్క దొరక్క దొరికిన ప్లేట్లు ఇలాగే పోతుంటాయి, చేతులారా.

ఇక ప్లేయర్. ఎల్పీ బాగుండదని తీర్మానించేవాళ్ళు చాలామంది తప్పుగా అమర్చిన ప్లేయర్ మీద విన్నవాళ్ళే. ముల్లు బిగించి ఉండే కార్ట్రిడ్జి నుంచి వచ్చేది నాలుగైదు మిల్లీవోల్టుల సిగ్నల్. దాన్ని నేరుగా ఆంప్లిఫైయర్ వెనక ఆక్స్ అనే మామూలు ఇన్‌పుట్‌లో గుచ్చితే పాట పీలగా, బేస్ అన్నదే లేకుండా వస్తుంది. మధ్యలో ఆ సిగ్నల్‌ను పెంచే ఫోనో ప్రీఆంప్ ఉండాలి. రికార్డులో గాడి కోసేటప్పుడు బేస్ తగ్గించి, పైస్థాయి పెంచి కోస్తారు. దాన్ని తిరిగి సరిచేసేది అదే. "బూఁ" అని హోరు వస్తుంటే ప్లేయర్ వెనక వేలాడే సన్నటి ఎర్త్ వైరు ఆంప్ మీది స్క్రూకు బిగించారో లేదో చూడండి.

ముల్లు బరువు తక్కువైతే రికార్డుకు మంచిదని ఒక నమ్మకం పాతుకుపోయింది. తప్పు. రెండు గ్రాములు కావాల్సిన కార్ట్రిడ్జిని ఒక గ్రాముకు దించితే ముల్లు గాడిలో కుదురుగా కూర్చోక గెంతుతుంది. గాడి గోడల్ని చెక్కేది ఆ గెంతులే. చిన్న డిజిటల్ స్కేలు కొని, కంపెనీ చెప్పిన అంకె దగ్గర పెట్టండి. బరువు మార్చే వీల్లేని చౌక సూట్‌కేసు ప్లేయర్ల మీద మాత్రం నాన్నగారి రికార్డులు వేయకండి.

వేగం చూడటానికి స్ట్రోబ్ కాగితం చాలు, చుట్టూ గీతలుండి ప్లేయర్ పళ్ళెం మీద పెట్టే గుండ్రటి కాగితమది. మన 50 హెర్ట్జ్ కరెంటుకు 33⅓ కోసం చుట్టూ 180 గీతలు, 78 కోసం 77 గీతలు ఉన్నది తీసుకోండి. దీపం కింద గీతలు నిలిచినట్టు కనిపిస్తే వేగం సరి, ముందుకు పాకితే ఎక్కువ, వెనక్కి పాకితే తక్కువ. ఇందులో చాలామంది పప్పులో కాలేసేది దీపం దగ్గర. మంచి ఎల్ఈడీ బల్బు వెలుగు కరెంటుతో పాటు మిణకదు, దాని కింద గీతలెప్పుడూ అలుక్కుపోయినట్టే ఉంటాయి. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు కావాలి. కర్ణాటక సంగీతం వినేవాళ్ళకు ఈ పని తప్పదు. వేగం 6 శాతం తేడా వస్తే శ్రుతి ఏకంగా అర మెట్టు జరిగిపోతుంది. బాలమురళి గొంతును అరిగిన బెల్టు మీద విని, ఆయన ఆ రోజు శ్రుతి తగ్గించి పాడారని వాదించుకోవడం దేనికి?

సీడీ మేలా, ఎల్పీ మేలా అన్నదానికి సూటిగా చెబుతాను. కొలతల్లో సీడీదే పైచేయి. సన్నటి చప్పుడు నుంచి పెద్ద చప్పుడు దాకా 96 డెసిబెల్స్ పడుతుంది దానిలో, ఎల్పీలో బాగుంటే 70. కానీ మన పాత పాటల సీడీలు చాలావాటిలో బుసబుస తీసేసే ఉత్సాహంలో పాటను కూడా గీకేశారు. వినాల్సింది గొంతు ఆగిన చోట. తబలా దెబ్బ తర్వాత ఉండే మోత, చరణానికీ చరణానికీ మధ్య తంబుర నాదం, పాడేవాళ్ళు ఊపిరి తీసుకున్న చప్పుడు ఉన్నాయా? గొంతు ఆగగానే గది కూడా మాయమై చెవిలో దూది కుక్కినట్టుంటే ఆ సీడీ పక్కన పెట్టండి. అవన్నీ ఉంటే అదే మంచిది, ఎల్పీ కోసం వేలు పోయనక్కర్లేదు. పోల్చేముందు ఫోన్‌లో సౌండ్ మీటర్ పెట్టి రెంటి వాల్యూమూ కూర్చున్న చోట సమానం చేయండి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చెవి దాన్నే మెచ్చుకుంటుంది, సగం వాదనలు అక్కడే పుడతాయి.

మోనోలో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే చప్పుడు వచ్చేలా, రికార్డు చేసిన పాటల్ని తర్వాత స్టీరియో అని ముద్రించిన ఎల్పీలు వేరే బాధ. మంద్రం ఒక చెవికీ, తారం ఒక చెవికీ పంచేసి గొంతును రెండు ముక్కలు చేశారు. కవరు మీద పెద్ద అక్షరాలతో స్టీరియో అని ఉండి పాట యాభైల నాటిదైతే అనుమానించండి. ఆంప్‌లో మోనో బటన్ ఉంటే నొక్కండి, గొంతు చాలావరకు నడిమికి వస్తుంది. అసలు మోనో ఎల్పీలకు కూడా ఆ బటన్ వరమే. మోనో పాట గాడిలో పక్కలకు మాత్రమే ఊగుతుంది. ముల్లు పైకీ కిందకీ ఎగిరిన చప్పుడంతా దుమ్ముదే, బటన్ నొక్కితే అది రద్దయిపోతుంది.

78 ప్లేట్లు స్నేహితుడి పెట్టెలో ఉంటే మాత్రం లెక్క మారుతుంది. పీసపాటి, షణ్ముఖి ఆంజనేయరాజు, ఈలపాట రఘురామయ్య వంటి రంగస్థల నటుల పద్యాల ప్లేట్లు నాలుగు శుభ్రంగా ఉన్నా, నా దృష్టిలో అవి వంద సినిమా ఎల్పీల పెట్టు. సినిమా పాటల్లోనూ 78 ప్లేటును పక్కన పెట్టొద్దు. పది అంగుళాల ప్లేటులో ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకే పడుతుంది. అందుకని ప్లేటు కోసం పాటను కుదించి పాడించడం మామూలే, సినిమాలో వినపడే చరణం ప్లేటులో ఉండకపోవచ్చు. ప్లేటులోదీ సినిమాలోదీ రెండూ ఉన్నవాడికే పాట పూర్తిగా ఉన్నట్టు.

వాటిని ఎల్పీ ముల్లుతో వేయొద్దు. ఎల్పీ ముల్లు మొన వ్యాసార్థం 18 నుంచి 25 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), 78కి కావాల్సింది 75 మైక్రాన్లు. సన్న ముల్లు వెడల్పు గాడి అడుగున మట్టిలో దొర్లుతుంది, హోరు తప్ప పాట రాదు. కీ ఇచ్చే గ్రామఫోను మీద అయితే ఉక్కు సూది ఒక్క వైపుకే, వైపు మారితే సూది మారాలి. ఆ యంత్రం మీద ఎల్పీ పెట్టారంటే వంద గ్రాములకు పైబడిన బరువు కింద పాట చెక్కుకుపోతుంది.

క్యాసెట్ల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. టేపు వెనకుండే స్పాంజి ముక్క ఊడిందేమో చూసి, ముందుకూ వెనక్కూ ఒకసారి పూర్తిగా చుట్టి, హెడ్ తుడిచి వినండి. బాగున్నవి వెంటనే కంప్యూటర్లోకి ఎక్కించుకోండి.

సెట్ల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ఎం.ఎస్. బాలాజీ పంచరత్నమాల ఐదు ఎల్పీలు. నేదునూరి కృష్ణమూర్తి స్వరపరిచిన అన్నమయ్య కీర్తన "నానాటి బతుకు" అందులోదే. అమ్మేవాళ్ళు సెట్టును విడగొట్టి ఒక్కొక్కటీ అమ్ముతున్నారు, కొనేవాళ్ళూ ఒకటి చాలనుకుంటున్నారు. మీ దగ్గర మూడుండి స్నేహితుడి దగ్గర రెండుంటే పోటీ మానేసి, ఒకరికొకరు ఇచ్చుకుని సెట్టు ఒకచోటికి చేర్చండి. కవర్లు కూడా పారేయకండి. రచయిత, వయొలిన్, మృదంగం ఎవరివో చాలాసార్లు ఎల్పీ వెనక అట్ట మీదే ఉంటుంది. "హిట్స్" అని వచ్చిన సీడీల్లో గాయకుడి బొమ్మ తప్ప పాట రాసినవారి పేరే ఉండదు.

దాచేది అటక మీద కాదు. మే నెలలో శ్లాబు కింది వేడికి ఒకదాని మీద ఒకటి పేర్చిన ఎల్పీలు అప్పడాల్లా వంగుతాయి. కింది అరలో పుస్తకాల్లా నిలబెట్టండి, ఒరగనివ్వకండి, మరీ బిగించకండి. మెత్తటి పీవీసీ కవర్లు తీసేయండి. ఏళ్ళు గడిస్తే అవి రికార్డు మీద మసక పొర వదులుతాయి, అదీ కడిగితే పోదు. పోలిక అయ్యాక ఏ ప్రతి ఎలా పలికిందో రాసి పెట్టుకోవాలంటే, రికార్డు బయటికి తీసి లోపలి కాగితం కవరు మీద పెన్సిలుతో రాయండి. రికార్డు లోపలే ఉంచి రాస్తే ఆ నొక్కు గాడి మీద పడుతుంది.