పెరట్లో గ్రిల్లు కొనబోయే ముందు

చిరంజీవి చిన్నోడికి పెద్దనాన్న ఆశీస్సులు.

బరంపురంలో కొత్తింటి పెరట్లో గ్రిల్లు పెట్టాలనుకుంటున్నావనీ, గ్యాసుదా బొగ్గుదా తేల్చుకోలేకపోతున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఏదైనా సరే, రెండు గుణాలు చూసి కొను. ఒక పక్క గట్టి వేడి, రెండో పక్క నిప్పు లేకుండా ఉంచుకునే చోటు ఉండాలి. పైన బిగువైన మూత పడాలి. బజార్లో చువ్వలు కాల్చే పొడుగాటి పొయ్యి చూసి అలాంటిదే చేయించుకుందామనిపిస్తుంది. అది చిన్న ముక్కలకీ, పక్కనే నిలబడి తిప్పే మనిషికీ సరిపోతుంది. ఎముకతో ఉన్న కోడికాలు దాని మీద పెడితే పైన మాడుతుంది, కీలు దగ్గర పచ్చిగానే ఉంటుంది. రజొ పండక్కి మీ వీధిలో ఒడియా వాళ్లు పొడొపిఠా అనే బియ్యప్పిండి రొట్టె చేస్తారు కదా, కింద కొన్ని నిప్పులు, మూత మీద కొన్ని నిప్పులు వేసి రాత్రంతా వదిలేస్తారు. మూత వేసిన గ్రిల్లులో నిప్పు లేని పక్కన జరిగే పనీ అదే. మంట తగలకుండా చుట్టూ ఉన్న వేడికి మాంసం నెమ్మదిగా ఉడుకుతుంది.

మీ ఇంట్లో నలుగురికీ, వచ్చే ఇద్దరు చుట్టాలకీ 45 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి బొగ్గు గ్రిల్లు చాలు. పదిమందికి తరచుగా వండుతానంటే 57 తీసుకో. కింద గాలి పోయే కన్నాలు, మూత మీద కన్నాలు రెండూ ఉండాలి, రెండింటికీ తిప్పి మూసే రేకు ఉండాలి. కింది కన్నం నిప్పుకి ఊపిరి. అది ఎంత తెరిస్తే వేడి అంత. పైది వండుతున్నంతసేపూ కనీసం సగం తెరిచే ఉంచు. పూర్తిగా మూస్తే పొగ లోపలే మగ్గి మాంసం చేదెక్కుతుంది.

వెల్డింగ్ షాపులో చేయించుకుంటే చవక పడుతుంది, కానీ అక్కడ దెబ్బతినే చోట్లు కొన్ని ఉన్నాయి. రేకు 16 గేజి అడుగు, అంటే 1.6 మిల్లీమీటర్లు. గేజి అంకె పెరిగేకొద్దీ రేకు పల్చన అవుతుంది. 20 గేజి అంటగడితే నాలుగు వంటలకే వంకర తిరుగుతుంది, మూత సరిగా కూర్చోదు. 200 లీటర్ల డ్రమ్మును నిలువునా కోసి ఇస్తామంటారు. అందులో ఏం నిల్వచేశారో తెలియకపోతే వద్దు. నూనెదే అని నమ్మకంగా తెలిసినా, లోపలి పెయింటు మొత్తం కాలిపోయేదాకా కట్టెలతో ఒకసారి మండించి, గీకి, కడిగాకే వాడాలి. ఆ సగం డ్రమ్ము దాదాపు 29 సెంటీమీటర్ల లోతుంటుంది. అడుగున బొగ్గులు పోస్తే వేడి పైన తిండి పెట్టే జాలీ దాకా సరిగా అందదు, బస్తా బొగ్గు తగలెట్టినా అంతే. అందుకని బొగ్గుకి వేరే చువ్వల అర వేయించు, దానికీ పై జాలీకీ మధ్య 12 నుంచి 15 సెంటీమీటర్లు ఉండేలా.

జాలీ విషయంలో మాత్రం బేరం ఆడకు. కోళ్ల దడికి కట్టే జింకు పూత వల, పాత ఫ్రిజ్ అరలు, మెరిసే పూత పూసిన చువ్వలు ఏవీ తిండి కింద పెట్టకూడదు. జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది, ఎర్రగా కాలిన బొగ్గులు అంతకంటే చాలా వేడి. ఆ పూత కాలి వచ్చే పొగ పీలిస్తే జ్వరం, ఒళ్లునొప్పులు పట్టుకుంటాయి. 304 రకం స్టెయిన్‌లెస్ చువ్వలు గానీ, 8 మిల్లీమీటర్ల మామూలు ఇనప చువ్వలు గానీ వేయించు. పెయింటు బయట మాత్రమే, అదీ వేడికి తట్టుకునే రకం. లోపల నూనె రాసి ఓ గంటసేపు తిండి పెట్టకుండా ఖాళీగా కాల్చు.

గ్యాసుదే కావాలంటే కనీసం రెండు బర్నర్లున్నది చూడు. ఒకటి వెలిగించి రెండోది ఆపేస్తేనే ఆ రెండు పక్కలు దొరుకుతాయి. మన ఇంటి సిలిండర్ రెగ్యులేటరు 30 మిల్లీబార్ల ఒత్తిడినిస్తుంది. గ్రిల్లు మీద అతికించిన పట్టీలో అదే అంకె ఉందా చూసుకో, హోటలు పొయ్యిల ఎక్కువ ఒత్తిడి రెగ్యులేటరు దీనికి తగిలించొద్దు. నారింజ రంగు సురక్షా ట్యూబే వాడు, దాని మీద ముద్రించిన తేదీ నుంచి ఐదేళ్లు దాటితే మార్చెయ్. వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉండాలి. మొదటిసారి అంటుకోకపోతే నాబ్ ఆపి ఐదు నిమిషాలు ఆగు. ఆ గ్యాసు గాలికంటే బరువు, కింద పేరుకుని ఒక్కసారిగా అంటుకుంటుంది. అతుకుల దగ్గర సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడటం సిలిండర్ మార్చిన ప్రతిసారీ చెయ్యి.

నన్నడిగితే బొగ్గుదే తీసుకోమంటాను. సరుగుడు బొగ్గు, తుమ్మ బొగ్గు రెండూ బాగా కాలతాయి. తుమ్మది ఎక్కువసేపు నిలుస్తుంది. కొట్లో ఒట్టి ‘కోయిలా’ అనకు, ‘కాఠొ కోయిలా’, అంటే కట్టెబొగ్గు, అని అడుగు. తాల్చేరు వైపు నుంచి వచ్చే రాతిబొగ్గు పొయ్యిలకీ బట్టీలకీ పనికొస్తుంది, దాని గంధకపు పొగ తిండికి పట్టకూడదు. పలాస వైపు నుంచి ఎవరైనా జీడిపిక్కల తొక్క తెచ్చిస్తే నిప్పులో వేయకు. అందులోని నూనె పొగ కళ్లనీ చర్మాన్నీ మండిస్తుంది. వానాకాలంలో బొగ్గు చెమ్మ పీల్చి చిటపటలాడుతుంది, మూత ఉన్న డబ్బాలో పెట్టు.

కిరసనాయిలు పోసి అంటించడం మానుకో, ఆ వాసన ముక్కకి పడుతుంది. దానికి బదులు బొగ్గు అంటించడానికి 18 సెంటీమీటర్ల వెడల్పు, 30 పొడవు ఉన్న ఇనప గొట్టం చేయించి, అడుగు నుంచి 8 సెంటీమీటర్ల పైన చువ్వల అడ్డు వెల్డింగ్ చేయించు, ఆ అడ్డు కింద చుట్టూ కన్నాలు, పక్కన చెక్కపిడి. పైన కిలో బొగ్గు, కింద రెండు కాగితపు ఉండలు. అంటించాక 15 నుంచి 20 నిమిషాల్లో పైబొగ్గుల మీద కూడా బూడిద తెల్లగా కమ్ముతుంది. అప్పటిదాకా ఆగలేకే ఎక్కువమంది వంట చెడగొట్టుకుంటారు. సగం నల్లగా ఉన్న బొగ్గుల మీద పెడితే పొగ కంపు, వేడీ నిలకడగా ఉండదు. ఆ నిప్పుల్ని ఒక పక్కకే పోసి, జాలీని పది నిమిషాలు వేడెక్కనివ్వు. జాలీకి నాలుగు వేళ్ల ఎత్తున అరచెయ్యి పెట్టి చూడు. రెండు మూడు సెకన్లకే తీసేయాల్సొస్తే గట్టి వేడి, ఐదు సెకన్లు ఓర్చుకుంటే మధ్యస్థం.

కిలో కోడికాళ్లకి రెండున్నర చెంచాల ఉప్పు, రెండు పెద్ద చెంచాల అల్లంవెల్లుల్లి, గుడ్డలో కట్టి నీళ్లు దింపిన పెరుగు 150 గ్రాములు, కారం, పసుపు, రెండు పెద్ద చెంచాల నూనె. నాలుగైదు గంటలు నానాలి. పెరుగులో నీళ్లుంటే మసాలా జారి నిప్పుల్లో పడుతుంది. బెల్లం, తేనె లాంటివి ఆఖరి ఐదు నిమిషాల్లోనే పూయాలి, ముందే కలిపితే నల్లగా మాడతాయి. కాళ్లని ముందు నిప్పు లేని పక్కన పెట్టి, మూత వేసి, అరగంట వదిలెయ్. ఊరికే మూత తీసి చూడకు. తర్వాత నిప్పుల మీదకి జరిపి రెండేసి నిమిషాలు తిప్పు. గుచ్చి చూసే థర్మామీటరు ఒకటి కొను. ఎముకకి ఆనకుండా కీలు పక్కన గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి. కొవ్వు కారి మంట లేస్తే నీళ్లు చల్లకు, బూడిద ఎగిరి తిండి మీద పడుతుంది. ముక్కని చల్లటి పక్కకి లాగి మూత వెయ్. పచ్చి మాంసం పెట్టిన పళ్లెంలో వండింది మళ్లీ పెట్టొద్దు, పచ్చిదానికి పూసిన కుంచెతో కాలినదానికి నూనె రాయొద్దు.

గోపాల్‌పూర్ కానాగంతలు దొరికితే చర్మం గుడ్డతో పొడిగా తుడిచి, గాట్లు పెట్టి, చేపకే నూనె రాసి, బాగా కాలిన జాలీ మీద పెట్టు. నాలుగు నిమిషాలు కదపకు. చేప అంటుకుపోవడానికి తడి, చల్లటి జాలీ, తొందరగా తిప్పడం, ఈ మూడే కారణాలు. చర్మం కాలాక తనే విడుస్తుంది. చిలికా రొయ్యలకి నీ పక్కింటివాళ్ల పత్రొపొడా పద్ధతే మేలు. ఆవాలు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, ఉప్పు కలిపి నూరి, పావుకిలో రొయ్యలకి పట్టించి, నిప్పు మీద వెచ్చబెట్టి మెత్తబరిచిన అరిటాకులో కట్టి, మూత కింద 12 నుంచి 15 నిమిషాలు. రొయ్యలకి నిమ్మరసం ముందే పోసి గంటలకొద్దీ ఉంచితే పిండిపిండిగా తయారవుతాయి.

గురువారాలూ కార్తీకమాసమూ పాటించే ఇళ్లు నీ చుట్టూ ఉన్నాయి, పొగ ఎటు వెళ్తుందో చూసి గ్రిల్లు నిలబెట్టు. వంకాయలకీ మొక్కజొన్నకీ పనీరుకీ వేరే జాలీ ఉంచితే వాళ్లని కూడా పిలవచ్చు. గోడకీ, బట్టల తాడుకీ, టార్పాలినుకీ మూడు మీటర్ల దూరం. వాన వచ్చిందని వరండాలోకి గానీ, చలికి నిప్పుల్ని గదిలోకి గానీ ఎట్టి పరిస్థితిలోనూ తేవద్దు నాన్నా. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి వాసనుండదు, పొగ కనపడదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

వంటయ్యాక రెండు కన్నాలూ మూసెయ్, నిప్పు ఆరి మిగిలిన బొగ్గు మళ్లీ పనికొస్తుంది. బూడిద పూర్తిగా చల్లారడానికి రోజు పైనే పడుతుంది, ప్లాస్టిక్ బుట్టలో వేసేది ఆ తర్వాతే. అలాగని వారాలకొద్దీ వదలకు. ఉప్పుగాలి తగిలే ఊరు, బూడిద చెమ్మ పీల్చి అడుగు రేకుని తినేస్తుంది. జాలీని వేడిగా ఉండగానే పట్టకారుతో పట్టిన కొబ్బరి పీచుతో రుద్దు. తీగల బ్రష్షు వద్దు, తెగిన తీగ జాలీకి అంటుకుని ఎవరి గొంతులోనైనా దిగుతుంది. అక్టోబరులో తుపాను హెచ్చరిక వింటే గ్రిల్లుని పెరట్లో వదలకు. 2013లో ఫైలిన్ తీరం దాటింది మీ గోపాల్‌పూర్ దగ్గరే. మూత, జాలీ విడదీసి లోపల పెట్టి, సిలిండర్ ఉంటే రెగ్యులేటరు తీసెయ్.

వెల్డింగ్ షాపువాడికి డబ్బు ముట్టజెప్పేముందు, మూత వేసి లోపల టార్చిలైటు పెట్టి చూడు. అంచు చుట్టూ వెలుగు ఎక్కడ కారుతుందో ఫొటో తీసి పంపు, ఎక్కడ సరిచేయించాలో రాస్తాను.

ఆశీస్సులతో,
పెద్దనాన్న