లేజర్ పెడుతున్నావట

చిట్టికి పెదనాన్న దీవించి రాసేది. ఉభయకుశలోపరి.

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి మన ఊరి సినిమా హాలు లీజుకి తీసుకుంటున్నావనీ, లేజర్ ప్రొజెక్టర్ పెట్టబోతున్నావనీ మీ నాన్న నిన్న రాత్రి ఫోన్లో చెప్పాడు. వాడి గొంతు వింటే ఇంట్లో ఎవరో పోయినట్టుంది. నేను మాత్రం నిద్రపోతున్న మీ పెద్దమ్మను లేపి మరీ చెప్పాను. కరోనాలో మూతపడ్డప్పటి నుంచీ ఆ గేటు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే తల పక్కకి తిప్పుకుని పోతున్నాను. ఆపరేటరుగా బతుకంతా అందులోనే గడిచింది మరి. సంతోషం రాత్రికే సరిపోయింది. తెల్లారేసరికి టెన్షన్ పట్టుకుంది. ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా" అంటూనే ఉంటావు, ఒక్కటీ చెవికెక్కదు. అందుకే రాస్తున్నాను.

లీజు కాగితం వకీలుకి చూపించు. లైసెన్సు, ఫైర్ ఎన్‌ఓసీ ఆఫీసుల చుట్టూ తిరిగితే అవే వస్తాయి. ఆడవాళ్ళ బాత్రూములు ముందు బాగుచేయించు, మిషన్ సంగతి తర్వాత. వీటి మీద ఇంతకంటే రాయను.

డబ్బు చాలకపోతే ఎక్కడో మల్టీప్లెక్సులో తీసేసిన, జెనాన్ గ్యాసు బల్బుతో నడిచే పాత ప్రొజెక్టర్ చవగ్గా వస్తుందని కూడా చూస్తున్నావట. వద్దమ్మా. జెనాన్ బల్బు చల్లగా ఉన్నప్పుడే లోపల గ్యాసు ఒత్తిడి బయటి గాలికి ఎన్నో రెట్లు ఉంటుంది. వెలిగిందంటే ఇంకా పెరుగుతుంది. కంపెనీ చెప్పిన గంటలు దాటిపోయిన బల్బుని నమ్మడానికి లేదు. పక్క ఊరి హాల్లో నాతోటి ఆపరేటర్ ఒకడుండేవాడు. కొత్త బల్బు అడిగితే వాళ్ళ ఓనరు వచ్చే వారం, వచ్చే వారం అంటూ సాగదీశాడు. ఒకరోజు సెకండ్ షో అవగానే, ఇంకా వేడి మీదున్న ల్యాంప్ హౌస్, అదే బల్బుండే పెట్టె, తలుపు తీశాడు వీడు. మొహానికి మాస్కు లేదు. బల్బు పేలి గాజు ముక్కలు చెంపలోనూ కనురెప్పలోనూ దిగాయి. కన్ను దక్కింది, వాడి అదృష్టం. ఆ తర్వాత మే నెల ఎండల్లో కూడా మాస్కు, జాకెట్టు, గ్లవ్స్ లేకుండా నేను బల్బు ముట్టుకోలేదు. మీ తమ్ముడు నన్ను చూసి వెల్డింగ్ షాపు తాత అనేవాడు. అననీ.

మేము కార్బన్లతో మొదలుపెట్టినవాళ్ళం. రాగిపూత ఉన్న రెండు కార్బన్ కడ్డీల కొనల మధ్య మంట. అవి కాలుతున్నకొద్దీ సందు పెరుగుతుంది, నల్లద్దంలోంచి చూస్తూ జరుపుతూ ఉండాలి. పక్కపక్కనే రెండు మిషన్లు. ఇరవై నిమిషాలకో రీలు అయిపోతుంది. తెర కుడి పైమూల చుక్క పడగానే రెండో మిషన్ మోటారు తిప్పాలి, ఇంకో చుక్క పడగానే బొమ్మ దాని మీదికి మార్చాలి. ఆ రెండు చుక్కల మధ్య ఏడెనిమిది సెకన్లు. టీ తాగుతూ ఆదమరిచావా, తెర తెల్లబోతుంది, కింద నేల క్లాసు నుంచి మా అమ్మమ్మ దాకా తిట్లు. అయినా ఒక సుఖం ఉండేది, ఆట సాగినంతసేపూ ఒక మనిషి తెర వంక చూస్తూ ఉండేవాడు. ఇప్పుడు టైమ్ పెట్టేస్తే మిషను తనే మొదలెడుతుంది, లైట్లు తనే ఆర్పుతుంది. క్యాబిన్‌కి తాళం వేసి ఆపరేటర్ కింద బుకింగ్‌లో కూర్చుంటాడు. తెరను చూసేవాడు లేడు.

తెరను మర్చిపోవడం మన హాలుకి కొత్త జబ్బు కాదులే. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో తెలుగులో స్కోప్, అంటే వెడల్పాటి బొమ్మ, వచ్చింది. నేనింకా హెల్పర్ని. యజమాని గారు లెన్సు తెప్పించారు కానీ తెర వెడల్పు చేయించలేదు. కొన్నాళ్ళు సీతారామరాజు సైన్యం సగం గోడల మీద నడిచింది. ఆయన అబ్బాయి హయాంలో జరిగింది ఇంకా పెద్దది. అదే నీ నెత్తిన పడబోతోంది.

2009 చివర్లో ‘అవతార్’ వచ్చాక త్రీడీ గాలి మనదాకా వీచింది. హాలుకి డిజిటల్ మిషన్ వచ్చిన కొత్త. చిన్న యజమాని మంచివాడే, కానీ పక్క ఊళ్ళో ఎవరేం పెట్టినా రాత్రి నిద్రపట్టని మనిషి. ఎవర్నీ అడక్కుండా వెళ్ళి లోహపు పూత ఉన్న సిల్వర్ స్క్రీన్‌కి అడ్వాన్స్ ఇచ్చొచ్చాడు. త్రీడీకి ఆ తెర కావాలి, కాదనను. ఎడమ కంటి బొమ్మ కుడి కంటికి పోకుండా కళ్ళద్దాలు ఆపాలంటే వెలుగు పోలరైజేషన్, అంటే అది కంపించే దిశ, చెడకుండా తెర మీంచి తిరిగి రావాలి. మామూలు తెల్ల తెర దాన్ని చెడగొడుతుంది, లోహపు పూత ఉన్నది చెడగొట్టదు. పైగా ఎదురుగా కూర్చున్నవాళ్ళకి బొమ్మ రెట్టింపు వెలుగుతో కనిపిస్తుంది. అది చూసి ఆయన ల్యాంప్ కరెంటు తగ్గించమన్నాడు. "బిల్లు కలిసొస్తుంది కదండీ" అన్నాడు.

ఆ వెలుగు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆయన అడగలేదు. తెర వెలుగుని పుట్టిస్తుందా? పక్క సీట్లకి పోవాల్సింది లాగేసి నడిమి సీట్లకి ఇస్తుంది. మొదటి వారంలోనే ఒక ఫస్ట్ షోకి క్యాబిన్ దిగొచ్చి కుడివైపు గోడ పక్క కుర్చీలో కూర్చున్నాను. పాటలో హీరోయిన్ పసుప్పచ్చ చీరలో తెర ఎడమ చివర నుంచి పరిగెత్తుకొస్తోంది. బయల్దేరినప్పుడు ఆ చీర బురద రంగు. సగానికొచ్చేసరికి పసుపు తేలింది. నా వైపుకొచ్చేసరికి కళ్ళు చెదిరేంత తెలుపెక్కింది. ఒక్క చీర, మూడు రంగులు. ఇంటర్వెల్ తర్వాత చూస్తే ఆ వరసలో నేనొక్కణ్ణే మిగిలాను. జనం వచ్చి నీతో చెప్పరమ్మా. లేచి నడిమికి పోతారు. అక్కడ ఖాళీ లేకపోతే వచ్చే వారం వేరే హాలుకి పోతారు.

త్రీడీ సినిమాలు ఏడాదికి ఎన్నొచ్చాయి? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతా ఏడాదంతా మామూలు సినిమాలు ఆ తెర మీదే. పైగా దాన్ని తడిగుడ్డతో ముట్టుకోకూడదు. ఒక పండగకి అభిమానులు తెర ముందు కొబ్బరికాయ కొడితే నీళ్ళు చింది పడ్డాయి. స్వీపర్ కుర్రాడు, పాపం మంచి మనసుతోనే, తడిగుడ్డ పెట్టి తోమాడు. పూత లేచి అరచెయ్యంత మచ్చ పడింది. ఆ తర్వాత ఏ హీరో అయినా అటు నడిస్తే మోకాలి మీద ఆ మచ్చ పడేది.

ఆ తెర ఇప్పటికీ అక్కడే వేలాడుతోంది. కంపెనీ కుర్రాడు వచ్చి చూసి "స్క్రీన్ బాగానే ఉంది మేడమ్, ఉంచేద్దాం" అంటాడు చూడు. లక్షలు మిగులుతాయని నీకూ ఆశ పుడుతుంది. ఉంచొద్దు. లేజర్ వెలుగు ఆ పూత మీద పడితే తెల్లటి చోట్ల సన్నటి ఇసుక చల్లినట్టు మిణుకుమిణుకుమంటుంది. స్పెకిల్ అంటారు దాన్ని. మూడు రంగులకీ విడివిడి లేజర్లు ఉండే ఆర్‌జీబీ మిషన్లలో ఎక్కువ, ఫాస్ఫర్ పూతతో రంగులు పుట్టించే రకంలో తక్కువ. మ్యాట్ వైట్, అంటే మెరుపు లేని తెల్ల తెర వేయించు, వెనక స్పీకర్ల శబ్దం రావడానికి సన్న చిల్లులున్నది. ప్రొజెక్టర్ ఒక మెట్టు తక్కువది కొన్నా పరవాలేదు, తెర దగ్గర మాత్రం పిసినారితనం చెయ్యకు.

బిగించాక కొలిపించు. హాలీవుడ్ స్టూడియోలు కలిసి 2005లో డీసీఐ అని కొలతలు రాసిపెట్టాయి. దాని ప్రకారం తెర నడుమ వెలుగు 14 ఫుట్‌ల్యాంబర్ట్లు (తెర వెలుగుని కొలిచే లెక్క అది) ఉండాలి. మూలల్లో దానికంటే మరీ తగ్గకూడదు. మీటరు పట్టుకుని సీట్లలో నిలబడి కొలవాలి, క్యాబిన్‌లో కూర్చుని చెప్పే లెక్క లెక్క కాదు. క్యాబిన్ కిటికీ అద్దం కూడా మార్పించు. ఇప్పుడున్నది మామూలు పచ్చగాజు, అదే కొంత వెలుగు మింగేస్తుంది.

లేజర్‌కి 20,000 గంటల లైఫ్ అంటారు. రోజుకి నాలుగు ఆటలు, పన్నెండు గంటలు వేసుకున్నా నాలుగున్నరేళ్ళు. ఆ లెక్క వెలుగు సగానికి పడిపోయే దాకా, ఇది వాళ్ళు చిన్నక్షరాల్లో రాస్తారు. బల్బు అయితే పోయినప్పుడు తెలుస్తుంది, కొత్తది వేస్తాం. లేజర్ రోజుకింత తగ్గుతూ పోతుంటే రోజూ చూసే కంటికి తెలియదు. అందుకని అవసరానికి మించి వెలుగున్న మిషన్ తీసుకుని మొదట్లో తక్కువ పవర్‌లో నడుపు. మూణ్ణెల్లకోసారి కొలిచి పుస్తకంలో రాసుకో. క్యాబిన్‌లో పెట్టే ఏసీ, ప్రొజెక్టర్ కోసం. మీ ఆయన పడుకోవడానికి కాదు.

ఇంకో భయం, ఇది రాయకుండా నిద్రపట్టదు. మన బాల్కనీ వెనక వరస కిటికీకి మరీ దగ్గర. హీరో ఎంట్రీకి కుర్రాళ్ళు కుర్చీలెక్కితే తలలు వెలుగులోకి వచ్చేవి, తెర మీద చేతుల నీడలు పడేవి. అప్పుడు నవ్వుకున్నాం. లేజర్ లెన్సుకి అంత దగ్గర్నుంచి ఎవడైనా వెనక్కి తిరిగి చూస్తే కన్ను దెబ్బతినొచ్చు. ఎంత దూరం లోపల మనిషి కన్ను ఆ వెలుగులోకి రాకూడదో, నేల నుంచి ఎంత ఎత్తుండాలో ప్రతి మోడల్ పుస్తకంలోనూ ఉంటుంది. చదివి, ఆ దూరంలో పడే వరసలు పీకించు. టికెట్ల డబ్బు పోతుందని నాతో వాదించకు. తెర ముందు కర్పూరం హారతి కూడా, ఎంత పెద్ద హీరో అయినా, ఒప్పుకోవద్దు.

మిషన్ సొంతంగా కొంటావో, డిజిటల్ కంపెనీ దగ్గర అగ్రిమెంట్ మీద తీసుకుంటావో నీ ఇష్టం. అగ్రిమెంట్ అయితే యాడ్స్ డబ్బు ఎవరిది, ఎన్నేళ్ళు కట్టుబడాలి, రిపేరు ఖర్చు ఎవరిది, ఈ మూడూ చదువు. 2018 మార్చిలో ఈ కంపెనీల చార్జీల మీద నిర్మాతలు గొడవకి దిగితే హాళ్ళు మూసుకుని కూర్చున్నాం, నీకూ గుర్తుండే ఉంటుంది. సినిమా ఫైలుని తెరిచే డిజిటల్ తాళం, అదే కేడీఎం, ఆ ఫైలు ఆడించే నీ ఒక్క సర్వర్‌కే, ఇచ్చిన తేదీల్లోనే పనిచేస్తుంది. సర్వర్‌లో బోర్డు మార్చినా కొత్త తాళం అడగాలి. తెల్లవారుజాము బెనిఫిట్ షోకి జనం గేటు ఊపుతుంటే అడిగితే ఎవరూ ఫోన్ ఎత్తరు. ముందురోజు సాయంత్రమే ఒక రీలంత వేసి చూసుకో. వెనక విజయవాడ గాంధీనగర్ నుంచి ప్రింటు బాక్సు రాకపోతే బస్సు చెడిపోయిందని చెప్పుకునేవాళ్ళం. నీకు ఆ సాకు కూడా లేదు.

ప్రొజెక్టరే అక్కర్లేని ఎల్ఈడీ తెరల గురించి మీ నాన్నకి ఎవరో చెప్పారట. 2017లో సియోల్లో శాంసంగ్ వాళ్ళు మొదలుపెట్టారు. బొమ్మ అద్భుతంగా ఉంటుందంటారు. దాని వెనక స్పీకర్ పెట్టలేం, ధర మన ఊరు మొత్తం అమ్మినా చాలదు. ఆ ఊసు వదిలెయ్.

నీకు తిట్లే ఎక్కువ రాసినట్టున్నాను. నీ చిన్నప్పుడు క్యాబిన్‌లో నా స్టూలెక్కి, తెగిపోయిన ఫిల్మ్ ముక్కలు ఎండకి పెట్టి చూస్తూ అన్నం మర్చిపోయేదానివి. చెయ్యగలిగితే నువ్వే చెయ్యగలవు. మీ నాన్నతో నేను మాట్లాడతాను, వాడి సంగతి నాకొదిలెయ్. కంపెనీ కొటేషన్ వాట్సాప్‌లో పంపు, తెర సైజు, మోడల్ నంబరు కనిపించేలా ఫోటో తీసి. నేను బస్సెక్కి వచ్చి కుడివైపు గోడ పక్క సీట్లోంచి కొలిచేదాకా ఫైనల్ పేమెంట్ ఇవ్వొద్దు.

ఇట్లు,
మీ పెదనాన్న