వందల గేమ్స్ ఉన్నాయ్, ఏది ఆడాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గేమ్ సబ్‌స్క్రిప్షన్ల గురించే (నెలనెలా కడితే లిస్టులో ఉన్న వందల గేమ్స్‌లో ఏదైనా ఆడుకోవచ్చు, మైక్రోసాఫ్ట్ వాళ్ల గేమ్ పాస్ అలాంటిదే), అందుకే మిగతావి వచ్చే సంచికకి పెట్టి ఇవే తీసుకున్నాం.

ప్రశ్న: సార్, గేమ్ పాస్ తీసుకుని చాన్నాళ్లయింది. రోజూ రాత్రి కూర్చుంటా, లిస్టు పైకీ కిందికీ తిప్పుతా, ఏదో ఒకటి డౌన్‌లోడ్ పెడతా, పావుగంట ఆడి డిలీట్ చేసేస్తా. ఇదివరకు ఒక్క గేమ్ కొనుక్కుని అదే ఆడేవాణ్ణి, అప్పుడే హాయిగా ఉండేదనిపిస్తోంది. లోపం నాలోనే ఉందా?

జవాబు: మీలో ఏ లోపమూ లేదండీ. డబ్బులు పెట్టి కొన్న గేమ్ అయితే మొదటి గంట బోర్ కొట్టినా ఓర్చుకుంటాం, ఎందుకంటే కొనేముందే దాని గురించి నలుగుర్ని అడిగి ఉంటాం, వీడియోలు చూసుంటాం, కొన్నాళ్లు మనసులో తిప్పుకుని ఉంటాం. సబ్‌స్క్రిప్షన్ వచ్చాక ఆ ముందు జరగాల్సిన పనంతా ఎగిరిపోయింది, నేరుగా లిస్టు ముందు కూర్చుంటున్నాం. రాత్రి అలిసిపోయి కూర్చున్న మనిషి వందల బొమ్మల్లోంచి ఒకటి ఎంచుకోవాలంటే ఎవరివల్లా కాదు. ఏం ఆడాలో పగలే తేల్చుకోండి, అదీ లిస్టుని కాదు మనుషుల్ని అడిగి తేల్చుకోండి.

ఎందుకంటే లిస్టులో బొమ్మ చూస్తే ఏమీ తెలీదు. వాంపైర్ సర్వైవర్స్ తీసుకోండి, స్క్రీన్‌షాట్ చూస్తే ఎప్పటిదో పాత గేమ్ లాగా ఉంటుంది, చిన్న చిన్న బొమ్మలు, అటూ ఇటూ నడవడం తప్ప మనం చేసే పనే లేదు, ఆయుధాలు వాటంతటవే పేలుతుంటాయ్. ఆ బొమ్మ చూసి నొక్కేవాళ్లు తక్కువే. కానీ ఎవరైనా పక్కన కూర్చుని "అరగంట బతికి చూపించు చాలు" అన్నారనుకోండి, ఇక అంతే, తెల్లారిపోద్ది. లూకా గలాంటే అనే అతను మొదట ఒక్కడే మొదలుపెట్టిన గేమ్ అది, 2023లో బ్రిటన్‌లో సినిమాలకీ గేమ్స్‌కీ అవార్డులిచ్చే బాఫ్టా వాళ్లు ఉత్తమ గేమ్ అవార్డు దానికే ఇచ్చారు. అంత చిన్న గేమ్ ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి చేరుతూనే అక్కడిదాకా వెళ్లింది.

ఇక పావుగంట సంగతి. కొన్ని గేమ్స్‌కి పావుగంట చాలు, పైన చెప్పింది అలాంటిదే. కొన్నింటికి అస్సలు చాలదు. ట్యూనిక్ అని 2022 మార్చిలో వచ్చింది, ఒక బుజ్జి నక్క ఒడ్డున నిద్రలేస్తుంది, బోర్డుల మీద ఏ భాషో తెలీని గీతలు, ఎటు వెళ్లాలో చెప్పేవాళ్లే ఉండరు. పావుగంటకి చిరాకొచ్చేస్తుంది, ఒప్పుకుంటా. కానీ దార్లో ఆ గేమ్‌దే మాన్యువల్ పేజీలు ఒక్కోటీ దొరుకుతుంటాయ్, వాటిమీద ఎవరో పెన్నుతో పిచ్చిగీతలు గీసి పెట్టుంటారు, ఒక పేజీ తిప్పితే మొదటినుంచీ మన చేతిలో ఉన్న బటనే ఇంకో పని కూడా చేస్తుందని తెలుస్తుంది. అంటే ఆ శక్తి మనకి ఎవరూ కొత్తగా ఇవ్వలేదు, ముందునుంచే ఉంది, మనకే తెలీదు! ఆ క్షణం దాకా వెళ్లకుండా డిలీట్ చేస్తే గేమ్ ఆడనట్టే లెక్క.

నేను పాటించే పద్ధతి చెప్తా, నచ్చితే తీసుకోండి. మెషిన్‌లో ఒక పెద్ద గేమ్, ఒక చిన్న గేమ్, అంతకు మించి ఉంచను. రెండు సాయంత్రాలు ఇచ్చాక కూడా మనసు లాగకపోతే తీసేస్తా, ఏ బాధా లేకుండా. సబ్‌స్క్రిప్షన్ ఇచ్చే అసలు స్వేచ్ఛ అదే కదా, నచ్చనిది వదిలేసినా నష్టపోయేదేం లేదు. కాకపోతే ఒకేసారి ఏడెనిమిది డౌన్‌లోడ్ పెట్టి వరసగా తీసేయడం స్వేచ్ఛ కాదు, అలసట.

ప్రశ్న: మా ఫ్రెండ్స్ అయిదుగురం ఒకే గేమ్ ఒకేసారి మొదలుపెట్టి మాట్లాడుకుందాం అనుకున్నాం. మొదటి వారమే ఒకడు క్లైమాక్స్ చెప్పేశాడు, పెద్ద గొడవైంది. కథ చెప్పకుండా గేమ్ గురించి ఏం మాట్లాడుకుంటారు అన్నా?

జవాబు: ఐడియా చాలా మంచిది తమ్ముడూ, గొడవైందని మానెయ్యకండి. సబ్‌స్క్రిప్షన్‌లో ఉన్న గొప్ప సుఖం ఇదే, అయిదుగురూ విడివిడిగా కొనక్కర్లేదు, ఎవడికీ "నా డబ్బులు పోయాయ్" అన్న ఏడుపుండదు.

చేయాల్సింది ఒక్కటే, ఏమైందో చెప్పుకోవద్దు, నువ్వేం చేశావో చెప్పు. "చివర్లో వాడు చచ్చిపోతాడు" అంటే ఎదుటివాడి గేమ్ లాక్కున్నట్టు. "ఆ తలుపు దగ్గర గంటసేపు ఇరుక్కుపోయా, చివరికి వెనక్కి తిరిగి చూస్తే దారి దొరికింది" అంటే వాడికి ఆడాలనిపిస్తుంది. మార్కులు కూడా వేయొద్దు, పదికి ఏడు అన్నాక ఇంక మాట్లాడ్డానికి ఏముంటుంది? అలాగే ఈ వారం ఇక్కడిదాకే అని గీత పెట్టుకోండి, ముందుకెళ్లినవాడు నోరు మూసుకోవాలి, అంతే.

ఏ గేమ్ ఎంచుకున్నారన్నది కూడా ముఖ్యమే. మీలాంటి గుంపుకి నేను చెప్పేది పెంటిమెంట్. 2022 నవంబర్‌లో అబ్సిడియన్ స్టూడియో వాళ్లు తెచ్చారు, జోష్ సాయర్ డైరెక్టర్, వచ్చిన రోజే గేమ్ పాస్‌లోకి వచ్చింది. పదహారో శతాబ్దం, జర్మనీ వైపు బవేరియాలో ఒక ఊరు, ఆండ్రియాస్ అనే చిత్రకారుడు, ఒక హత్య. ఎవరిమీద నేరం మోపాలో మనమే తేల్చాలి, టైమ్ తక్కువ, అందర్నీ ప్రశ్నించడం కుదరదు. అన్నిటికన్నా నాకు నచ్చింది, నువ్వు వేలెత్తి చూపినవాడే దోషి అని గేమ్ ఎక్కడా సర్టిఫికెట్ ఇవ్వదు. అయిదుగురు ఆడితే ముగ్గురి మీద అనుమానం పడుతుంది, ఎవడి కారణాలు వాడికుంటాయ్, ఇంక తెల్లవార్లూ వాదించుకోవచ్చు. ఇంకోటి గమనించండి, గొంతులు వినబడవు, అన్నీ అక్షరాలే, సన్యాసి మాట ఒక రకం రాతలో, రైతు మాట ఇంకో రకంలో, ప్రెస్సు నడిపేవాడి మాటలు అచ్చు అక్షరాలు పేర్చి కొట్టినట్టు పడతాయ్. ఒక మనిషి గురించి ఆండ్రియాస్ అభిప్రాయం మారితే ఆ మనిషి అక్షరాలు కూడా మారిపోతాయ్! ఇవన్నీ ఎంత మాట్లాడుకున్నా కథ బయటపడదు.

అవుటర్ వైల్డ్స్‌తో మాత్రం జాగ్రత్త. 22 నిమిషాలకోసారి మొత్తం మళ్లీ మొదటికొచ్చే గేమ్ అది, అందులో మనకి మిగిలేది తెలుసుకున్న విషయం ఒక్కటే, కొత్త ఆయుధాలూ లెవెల్సూ ఏమీ ఉండవు. కాబట్టి ఒక్క ముక్క ఎవరైనా చెప్పినా ఆ మేరకు గేమ్ పోయినట్టే. దాన్ని ఒకడు ముందు పూర్తిచేసి, మిగతావాళ్లు ఆడుతుంటే పక్కన కూర్చుని చూడాలి, అది కూడా గొప్ప ఆనందమే.

ప్రశ్న: సగం ఆడిన గేమ్ లిస్టులోంచి తీసేస్తున్నారని నోటీసొచ్చింది. నా సేవ్ పోతుందా?

జవాబు: సాధారణంగా పోదు. సేవ్ అంటే మీరు ఎక్కడిదాకా ఆడారన్న రికార్డు మీ అకౌంట్‌లోనే ఉంటుంది, తర్వాత గేమ్ కొనుక్కున్నా, మళ్లీ లిస్టులోకి వచ్చినా ఆపిన చోటినుంచే ఆడొచ్చు. గేమ్ పాస్‌లో అయితే తీసేసే ముందు రెండు వారాలు అటూ ఇటూగా చెప్తారు, మెంబర్లకి డిస్కౌంట్‌లో కొనుక్కునే వీలు కూడా ఇస్తారు. విడిగా కొన్న డీఎల్‌సీ, అంటే గేమ్‌కి అదనంగా అమ్మే భాగం, మీదే, కానీ అసలు గేమ్ లేకుండా అది నడవదు, అందుకని సబ్‌స్క్రిప్షన్‌లో ఉన్న గేమ్‌కి డీఎల్‌సీ కొనేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. మైక్రోసాఫ్ట్ సొంత స్టూడియోల గేమ్స్ ఎప్పటికీ ఉంటాయని కూడా నమ్మకం లేదు, కార్లు, పాటల లైసెన్సులు అయిపోయి ఫోర్జా హొరైజన్ 4 అనే వాళ్ల కార్ల రేసుల గేమ్‌ని 2024 డిసెంబర్‌లో అమ్మకాల్లోంచే తీసేశారు. అద్దె ఇల్లు అనుకోండి, బాగా ఇష్టపడ్డదాన్ని కొనేసుకోండి. ఏం ఆడాలో తోచనప్పుడు "త్వరలో వెళ్లిపోయేవి" అన్న వరస చూడండి, గడువుంటే మనం ఆడతాం!

ప్రశ్న: ఇలా సబ్‌స్క్రిప్షన్‌లో ఆడితే తయారుచేసినవాళ్లకి డబ్బులు అందుతాయా?

జవాబు: అందుతాయి, కానీ ఒక్కొక్కరికి ఒక్కోలా. కొందరికి ముందే ఒకేసారి మొత్తం ఇస్తారు, కొందరికి ఎంతమంది ఎంతసేపు ఆడారన్న లెక్క మీద ఇస్తారు. చిన్న స్టూడియోకి ముందే డబ్బు రావడం అంటే ఊపిరి పీల్చుకున్నట్టే, అది కాదనలేం. అదే టైమ్‌లో, గేమ్ పాస్‌లో పెట్టాక గేమ్ అమ్మకాలు తగ్గుతాయని మైక్రోసాఫ్ట్ సొంత లెక్కల్లోనే ఉన్నట్టు 2023లో కంపెనీల మధ్య పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే బ్రిటన్ ప్రభుత్వ సంస్థ బయటపెట్టింది.

హై-ఫై రష్ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. 2023 జనవరిలో ముందస్తు ప్రచారమేమీ లేకుండా ప్రకటించిన రోజే వదిలారు, పాట తాళానికి తగ్గట్టు కొట్టుకునే గేమ్, ఆడినవాళ్లంతా ఇంకొకరికి చెప్పారు, అంత మంచి పేరొచ్చింది. అయినా దాన్ని తయారుచేసిన టాంగో గేమ్‌వర్క్స్ స్టూడియోని మూసేస్తున్నామని 2024 మేలో మైక్రోసాఫ్ట్ వాళ్లు అన్నారు, తర్వాత క్రాఫ్టన్ కంపెనీ ముందుకొచ్చి తీసుకుంది కాబట్టి సరిపోయింది. అందుకే మీ మనసుకి దగ్గరైన గేమ్ ఉంటే, లిస్టులో ఉన్నా సరే, కుదిరినప్పుడు కొనండి, పేరు పెట్టి నలుగురికి చెప్పండి.

ప్రశ్న: మా అమ్మ జీవితంలో ఒక్క గేమ్ కూడా ఆడలేదు. నేను ఆడుతుంటే ఆసక్తిగా చూస్తుంది. ఏది ఇవ్వాలి అన్నా?

జవాబు: అన్‌ప్యాకింగ్ ఇవ్వమ్మా, మీ సర్వీసులో ఉందో లేదో ముందు చూసుకో. తుపాకులుండవు, టైమర్ ఉండదు, 1997 నుంచి 2018 దాకా ఒకమ్మాయి ఇళ్లు మారుతూ ఎనిమిదిసార్లు సామాన్లు సర్దుకుంటుంది, మనం అట్టపెట్టెల్లోంచి ఒక్కో వస్తువూ తీసి సర్దుతుంటాం. ఆ అమ్మాయి ఎప్పుడూ మన ముందుకి రాదు, కానీ ఏ బొమ్మ ప్రతి ఇంటికీ వెంటొచ్చింది, ఏది మధ్యలో మాయమైంది అన్నదాన్ని బట్టి జీవితమంతా అర్థమైపోతుంది. ఒక ఇంట్లో ఫ్రేమ్ కట్టిన సర్టిఫికెట్‌కి ఎక్కడా చోటు దొరకదు, గోడంతా ఇంకొకరి వస్తువులే. అంతకుమించి చెప్పను. అక్కడికొచ్చాక అమ్మ ఏమంటుందో విను, నువ్వు చూడనిది ఆవిడ చూస్తుంది. కాకపోతే వేగంగా ఆడట్లేదని మౌస్ మాత్రం చేతిలోంచి లాక్కోకు.