ఆర్థడాక్స్ చర్చిల్లో తొలి హతసాక్షులను ఎలా స్మరించుకుంటారు? అది సంతాపమా, పూజా?

నేను గుంటూరులో లూథరన్ కుటుంబంలో పెరిగాను. ఉద్యోగం పుణ్యమా అని కొన్నేళ్ళుగా రొమేనియాలోని యాష్ నగరంలో ఉంటున్నాను. కాబట్టి ఇక్కడ చూసిందీ తిన్నదీ చెబుతాను.

మొదట మీ సందేహంలో సగం: సంతాపం కాదు. హతసాక్షి, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు, చనిపోయిన రోజును వీళ్ళు పుట్టినరోజుగా లెక్కిస్తారు. ఇది పాత అలవాటే. 2వ శతాబ్దంలో స్ముర్నలో (ఇప్పటి ఇజ్మీర్) బిషప్ పోలికార్పును చంపినప్పుడు, అక్కడి సంఘం ఆయన ఎముకలు ఏరి దాచుకుని, ఏటా కూడుకుని ఆయన సాక్ష్యమిచ్చిన రోజును పుట్టినరోజుగా జరుపుకుంటామని రాసిపెట్టింది. ఇప్పటికీ ఆర్థడాక్స్ బలిపీఠం మీద పరిచే గుడ్డలో అవశేషాల తునక కుట్టి ఉంటుంది. ఆ గుడ్డ లేకుండా ప్రభు భోజన సంస్కారం జరపరు.

నాకు దగ్గరగా తెలిసింది మార్చి 9, సెబస్తె నలభైమంది హతసాక్షుల రోజు. సెబస్తె అంటే ఇప్పటి తుర్కియేలోని సివాస్. 320 ప్రాంతంలో, రోమా చక్రవర్తి లిసీనియస్ పాలనలో, సైన్యంలోని నలభైమంది సైనికులు క్రీస్తును వదిలేది లేదన్నారు. వాళ్ళ బట్టలు ఊడదీసి, గడ్డకట్టిన చెరువు మీద రాత్రంతా నిలబెట్టారు. లొంగినవాడు వచ్చి వెచ్చబడొచ్చని ఒడ్డున వేడినీళ్ళ స్నానాల గది సిద్ధంగా ఉంచారు. ఒకడు తట్టుకోలేక అటు పరుగెత్తాడు, పాపం, అక్కడే ప్రాణం పోయింది. అది చూసిన కావలివాడు తన బట్టలు విప్పేసి వెళ్ళి మిగతావాళ్ళ పక్కన నిలబడ్డాడు. లెక్క మళ్ళీ నలభై అయింది.

ఆ రోజు చర్చి మధ్యలో స్టాండు మీద పెట్టే పటంలో ఇదంతా కనిపిస్తుంది. నడుముకు గుడ్డ తప్ప ఒంటిమీద ఏమీ లేని మనుషులు ఒకరినొకరు ఆనుకుని ఉంటారు, కూలిపోతున్నవాణ్ణి పక్కవాడు పట్టుకుని ఉంటాడు, పైన కిరీటాలు. ఓ మూల స్నానాల గదిలోకి దూరుతున్న ఒకడి వీపు. అందరూ వరుసలో వచ్చి పటానికి ముద్దు పెట్టుకుంటారు. నేను పెట్టను గానీ, దగ్గరికెళ్ళి ఆ మూలే చూస్తాను. పారిపోయినవాణ్ణి బొమ్మలోంచి తీసేయకపోవడం నాకు నచ్చింది.

ఈ పండుగ చాలా ఏళ్ళలో ఈస్టరుకు ముందుండే శ్రమకాలపు ఉపవాసంలోనే వస్తుంది. అప్పుడు మామూలు రోజుల్లో పూర్తి ఆరాధన ఉండదు, ముందే ప్రతిష్ఠించి ఉంచిన రొట్టెతో వేరే ఆరాధన చేస్తారు. 141వ కీర్తన పాడుతున్నంతసేపూ అందరూ మోకాళ్ళ మీదే. అయితే ఆ రోజు ఉపవాసం కొంచెం సడలుతుంది, నూనె, వైన్ తీసుకోవచ్చు. నలభై గ్లాసుల వైన్ తాగాలని ఊళ్ళలో ఒక మాట ఉంది. దానికీ చర్చికీ సంబంధం లేదు, మా ఆఫీసులో మాత్రం ఏటా అదే జోకు.

నన్నడిగితే ఈ జ్ఞాపకాన్ని ఇన్ని వందల ఏళ్ళు నిలబెట్టింది ప్రసంగాల కంటే వంటిల్లే. యాష్ వైపు పిండిని 8 అంకెలా మెలితిప్పి, ఓవెన్‌లో కాల్చి, తేనె పూసి, అక్రోటు పొడి దట్టంగా చల్లుతారు. ఆ 8 మనిషి ఆకారమట. బుకారెస్ట్ వైపు అవే చాలా చిన్నవిగా చేసి, దాల్చినచెక్క, నిమ్మతొక్క వేసిన తీపి నీళ్ళలో ఉడికించి స్పూన్‌తో తింటారు, పాలు పోయని పాలతాలికలు అనుకోండి. రెంటినీ ముచెనిచ్ అనే అంటారు. ఏది అసలైందని అడిగారో, లంచ్ టైమంతా అయిపోతుంది! పంచేటప్పుడు తమ ఇంట్లో చనిపోయినవాళ్ళ పేరు చెప్పి చేతిలో పెడతారు. తీసుకున్నవాళ్ళు మామూలు థాంక్స్ చెప్పరు, "బొగ్దాప్రోస్తె" అంటారు, దేవుడు క్షమించును గాక అని. మా పై ఫ్లోర్ బామ్మగారు నాకు ఇచ్చేటప్పుడు భర్త పేరు చెప్పి, నేను ఆ మాట అనేదాకా ప్లేటు వదలరు.

హతసాక్షులు పెళ్ళిలో కూడా వస్తారు. వధూవరులకు కిరీటాలు పెట్టి, బల్ల చుట్టూ మూడుసార్లు తిప్పుతూ పాడే పాటల్లో ఒకటి కిరీటాలు పొందిన హతసాక్షులను మా కోసం వేడుకోమని అడుగుతుంది. మొదటిసారి విన్నప్పుడు పెళ్ళిలో ఈ మాటేంటి అనిపించింది. సెర్బియాలో ఈ నలభైమంది రోజే కొత్త దంపతుల పండుగ కూడా. తేనె రాసిన చిన్న రొట్టెలు నలభై చేసి అతిథులకు పెడతారు.

ఇక పూజ సంగతి. ఆరాధన దేవుడికొక్కడికే, పటాలకూ అవశేషాలకూ గౌరవం మాత్రమే అని 787లో నైసియాలో కూడిన బిషప్పుల సభ తేల్చింది. గీత ఉన్నమాట నిజం. బయటనుంచి చూసే మనకు అది అంత స్పష్టంగా కనిపించదు, నాకూ అన్నిసార్లూ కనిపించదు. చేతిలో కొవ్వొత్తితో వచ్చినామెను అడిగితే మాత్రం తడుముకోకుండా చెబుతుంది: మా అన్నల్లాంటివాళ్ళు, ప్రార్థించమని అడుగుతున్నాం, అంతే.

మీరు వెళ్ళి చూడాలనుకుంటే, రొమేనియా, గ్రీస్, బల్గేరియాల్లో మార్చి 9. పాత క్యాలెండర్ పాటించే రష్యా, సెర్బియాల్లో మార్చి 22. ఆరాధన కొన్నిచోట్ల పొద్దున, కొన్నిచోట్ల సాయంత్రం ఉంటుంది, తలుపు మీద అతికించిన కాగితంలో టైమ్ చూసుకోండి. ప్రభు భోజనం వాళ్ళ సభ్యులకే ఇస్తారు, ఆ వరుసలో నిలబడకండి. ముచెనిచ్ వరుసలో ఎవరైనా నిలబడొచ్చు.