బ్రేకులు అరుస్తుంటే పాట సౌండ్ పెంచకండి

మొన్న సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్లినప్పుడు మా పిన్ని వాళ్ల పక్కింటావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చారు. వాళ్లబ్బాయి ఆగస్టులో టెక్సాస్ వెళ్లాడు. "పాత కారు కొన్నాడు బాబూ, ఆపినప్పుడల్లా కీచుమంటోందట. ఏం కాదులే అంటున్నాడు. నువ్వోసారి మాట్లాడవూ?" అన్నారు. అక్కడికక్కడే వీడియో కాల్ చేశాం. వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

బ్రేక్ నొక్కితే డిస్క్‌ని, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లాన్ని, పట్టి ఆపేవి బ్రేక్ ప్యాడ్లు. చాలా ప్యాడ్లకి ఓ చిన్న ఇనుప రేకు ఉంటుంది. ప్యాడ్ అరిగి పల్చబడగానే ఆ రేకు డిస్క్‌కి తగిలి సన్నగా, చెవిలో గుచ్చుకునేలా అరుస్తుంది. అలా అరవడానికే దాన్ని పెట్టారు. నా మొదటి కారులో ఆ అరుపు మూడు వారాలు విన్నాను. జీతం వచ్చాక చూద్దాంలే అని పాట సౌండ్ పెంచుకుని తిరిగాను. ఒక సాయంత్రం హైవే దిగుతుంటే కీచు పోయి గరగర మొదలైంది, పెడల్ కింద ఇనుమూ ఇనుమూ రాసుకోవడం కాలికి తెలిసింది. ముందు కారుకి జానెడు దూరంలో ఆగాను. మర్నాడు మెకానిక్ చక్రం విప్పి డిస్క్ చూపించాడు. గ్రామఫోన్ రికార్డులా గాళ్లు పడి ఉంది, గోరు పెడితే తట్టుకుంటోంది. ప్యాడ్లతో పోయే ఖర్చు డిస్కుల దాకా వచ్చింది. ఇక్కడ అమెరికాలో వాటిని రోటర్లంటారు.

వానపడ్డ మర్నాడు పొద్దున్న మొదటి రెండు మూడు బ్రేకులకి గరగరమంటే మాత్రం కంగారు పడకండి. అది రాత్రికి రాత్రి పట్టిన పల్చటి తుప్పు, కాస్త నడిపితే పోతుంది. రోజంతా వినిపిస్తేనే ఆలోచించాలి.

చెవి మీదే ఆధారపడక్కర్లేదు. కారు చల్లారాక ఫోన్ టార్చ్ వేసి చక్రం కమ్మీల మధ్యలోంచి చూడండి, చాలా కార్లలో బయటివైపు ప్యాడ్ కనిపిస్తుంది. కొత్తది 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 3కి వచ్చిందంటే మార్చేయండి. లోపలివైపు ప్యాడ్ ఒక్కోసారి ముందే అరిగిపోతుంది, కాబట్టి బయటిది బాగుంది కదా అని ధీమా పడకండి.

పెడల్ స్పాంజిలా మెత్తగా దిగిపోతున్నా, నొక్కి ఉంచితే నెమ్మదిగా కిందకి జారుతున్నా ఆ కారు ఇంకో కిలోమీటరు కూడా నడపొద్దు. బ్రేక్ ఆయిల్ లైనులో గాలైనా చేరుండాలి, ఎక్కడైనా కారుతుండాలి, పెడల్ నొక్కుడిని ఆయిల్ ద్వారా చక్రాల దాకా పంపే మాస్టర్ సిలిండరైనా పోయుండాలి. హ్యాండ్ బ్రేక్ దించాక కూడా ఎర్ర లైటు ఆరకపోతే టో బండినే పిలవండి. మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ ఇక్కడ బ్రేక్ ఫ్లూయిడ్ అని అడగాలి. పొరపాటున ఇంజన్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి మొత్తం పాడవుతుంది. ఫ్లూయిడ్ తగ్గిందని పైపైన పోసి ఊరుకోకండి. ప్యాడ్లు అరిగినా మట్టం తగ్గుతుంది, కారుతున్నా తగ్గుతుంది. ఏదో తేల్చుకోవాలి.

బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణకడం, బండి ఒక పక్కకి లాగేయడం కూడా చూపించుకోవాల్సినవే. మంచు మీద గట్టిగా నొక్కినప్పుడు పెడల్ టకటకా కొట్టుకుంటే మాత్రం అది ఏబీఎస్, అంటే చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు, పని చేయడం, కాలు తీయకండి.

ఎస్.కోట దాటి అరకు ఘాట్‌లో దిగే డ్రైవర్లు గేరు తగ్గించుకుని దిగడం మీరు చూసే ఉంటారు. కొలరాడో కొండల్లోనూ అదే పద్ధతి. ఆటోమేటిక్ అయినా లో గేరులో పెట్టండి. కాలు బ్రేకు మీదే ఉంచి దిగితే ప్యాడ్లు కాలిన వాసన వస్తుంది, ఆపైన ఎంత నొక్కినా సరిగా పట్టవు. వాసన వస్తే ఎక్కడో ఓ చోట ఆగి చల్లారనివ్వండి.

టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు కార్లకి ఏటా చేసే సేఫ్టీ తనిఖీ తీసేశారు. అంటే మీరు చూసుకోకపోతే మీ బ్రేకులు చూసేవాళ్లు లేరు. షాపులో భయపడకండి. "ఎన్ని మిల్లీమీటర్లు మిగిలింది, చూపించండి" అని అడగండి, చూపించనివాడికి డబ్బు కట్టకండి.

ఆ అబ్బాయి మర్నాడు ఫోటో పంపాడు. ప్యాడ్ 2 మిల్లీమీటర్లే ఉంది, డిస్క్ మీద ఇంకా గీత పడలేదు. వాళ్లమ్మగారికి నేనే వెళ్లి చెప్పాను.