ఆగిపోయిన వ్యాయామం మళ్ళీ మొదలెట్టడం: ఏడుసార్లు మానేసినవాడి జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: రెండు నెలలు బాగానే చేస్తాను, ఆఫీసులో పని మీద పడగానే ఆగిపోతుంది, ఈసారి భుజం కూడా పట్టేసింది, మళ్ళీ మొదలెట్టడానికి మనసు రావట్లేదు, మోటివేషన్ పోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి అని. నేను ట్రైనర్ని కాదండి, డాక్టర్ని అసలే కాదు, లెక్కలు చూసుకునే మామూలు ఆఫీసు ఉద్యోగిని, వయసు 41. నాకున్న అర్హతల్లా ఆరేళ్ళలో ఏడుసార్లు మొదలెట్టి ఏడుసార్లు మానెయ్యడం. ఎనిమిదోసారి మొదలెట్టింది మాత్రం రెండేళ్ళు దాటి ఇంకా నడుస్తోంది, అదీ కుంటుకుంటూ. అందుకని ఆగకుండా చెయ్యడం ఎలా అని నన్నడిగితే చెప్పలేను గానీ ఆగిపోయాక మళ్ళీ ఎక్కడం గురించి అడిగితే గంట మాట్లాడతాను.

మొదటి ఏడుసార్లూ కథ ఒకటే. ఒక ఆదివారం సాయంత్రం ఒక్కసారిగా వైరాగ్యం లాంటిది వస్తుంది, కూర్చుని చాంతాడంత ప్లాన్ రాస్తాను, వారానికి ఆరు రోజులు, రోజుకి గంట, పొద్దున్న 5కి లేవడం, కొత్త షూస్, కొత్త బాటిల్. ఆరంభశూరత్వం అని ఊరికే అనలేదు మనవాళ్ళు. మూడు వారాలు చుట్టూ ఉన్నవాళ్ళకి కూడా బోధలు చేసేవాణ్ణి. తర్వాత నెలాఖరు వచ్చేది, లెక్కలు క్లోజ్ చేసే వారం, రాత్రి 11 దాకా ఆఫీసులోనే, ఇంటికొచ్చి పడుకునేసరికి 12:30, మరి 5కి అలారం మోగితే ఏ మనిషి లేస్తాడండి. లేవలేదని తిట్టుకోవడం, ఎలాగూ ఈ వారం పోయింది కదా వచ్చే సోమవారం నించి ఫ్రెష్‌గా చేద్దాం అనుకోవడం, ఆ సోమవారం ఎప్పటికీ రాకపోవడం, అంతే, మొత్తం అటకెక్కేసేది. ఇప్పుడు వెనక్కి చూస్తే నన్ను దెబ్బ తీసింది బద్ధకం కాదు, ఆ ప్లానే. నాకు ఖాళీగా ఉండే వారాలు చూసి రాసుకున్న ప్లాన్ అది, నా అసలు జీవితంలో నాలుగు వారాలకి ఒకటి అలాంటి వారం కాదు.

ఒకసారి యాప్ పెట్టుకున్నాను. రోజూ చేస్తే వరసగా ఎన్ని రోజులో అంకె చూపిస్తుంది, చిన్న మంట బొమ్మతో సహా. 43 దాకా వెళ్ళాను, అబ్బో అనుకున్నాను. 44వ రోజు మా అమ్మాయికి జ్వరం, రాత్రంతా దాని పక్కనే కూర్చున్నాను, తెల్లారి చూస్తే అక్కడ సున్నా. 43 రోజులు చేసిన మనిషికీ ఎప్పుడూ చెయ్యని మనిషికీ ఒకటే సున్నా! అంత చిన్న విషయానికి నీరుగారిపోతానా అని మీకు నవ్వొస్తుందేమో గానీ నేను నిజంగానే మూడు వారాలు దాన్ని ముట్టుకోలేదు. ఒక రోజు తప్పితే పోయేది ఒక్క రోజే, ఆ కోపంలో నేను పోగొట్టుకుంది 21 రోజులు.

అసలు మలుపు ఎక్కడొచ్చిందంటే చీలమండ బెణికినప్పుడు. అది కూడా వ్యాయామం చేస్తూ కాదు, ఫోన్ చూసుకుంటూ మెట్లు దిగుతూ ఆఖరి మెట్టు ఉందన్న సంగతి మర్చిపోయాను, పాదం లోపలికి మడత పడింది, సాయంత్రానికి బూరెలా వాచింది. నెలాఖరు ఒత్తిడి ఒకపక్క, ఇదొక పక్క, గోరుచుట్టు మీద రోకటి పోటు. ఇంక ఈ జన్మకి వ్యాయామం రాసిపెట్టి లేదు అనుకున్నాను. వాపు తగ్గాక ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్తే ఆవిడ పెద్దగా ఏం చెప్పలేదు, పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నించోండి, ఒక నిమిషం ఈ కాలు ఒక నిమిషం ఆ కాలు, వాష్‌బేసిన్ అందేంత దూరంలో ఉండండి పడిపోకుండా, తర్వాత పది సార్లు మడమలు లేపి దించండి అన్నారు. ఇంతేనా అనుకున్నాను. మొదటి రోజు పది సెకన్లు కూడా నిలబడలేకపోయాను, కాలు గజగజ వణికింది, నోట్లో బ్రష్, ఒక చెయ్యి గోడ మీద, అద్దంలో నా మొహం చూసుకుంటే నాకే నవ్వొచ్చింది.

ఏడు వారాలు చేశాను. ఒక్క రోజు కూడా తప్పలేదు, నెలాఖరు వారంలో కూడా. ఇదేంటి, ఆరు రోజుల ప్లాన్ ఎప్పుడూ నిలబెట్టుకోలేనివాణ్ణి ఇది ఎలా చేశాను అని చాలా ఆలోచించాను. అందులో నేను నిర్ణయించుకోవాల్సింది ఏమీ లేదు, అదీ సంగతి. ఈరోజు చెయ్యాలా వద్దా, ఎప్పుడు చెయ్యాలి, మూడ్ ఉందా లేదా, ఇవేవీ లేవు, బ్రష్ చేతిలోకి రాగానే కాలు దానంతటదే లేచేది. పళ్ళు తోముకోడానికి మోటివేషన్ ఎవరికి కావాలి చెప్పండి.

తర్వాత దీని మీద కొంచెం చదివాను. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుంది అని అందరూ అంటారు కదా, దాని మూలం ఏంటంటే 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ తన పేషెంట్లకి కొత్త మొహం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతోంది అని రాసిన మాట, దానికీ వ్యాయామానికీ సంబంధమే లేదు. నిజంగా కొలిచి చూసింది యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ వాళ్ళు, 2009లో వచ్చిన అధ్యయనం. 96 మందిని తీసుకుని తలా ఒక కొత్త పని ఎంచుకోమని 12 వారాలు గమనించారు. ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నించి 254 రోజుల దాకా తేడా ఉంది, వ్యాయామం ఎంచుకున్నవాళ్ళకి మిగతావాళ్ళకంటే ఎక్కువే పట్టింది. నాకు బాగా నచ్చిన ముక్క వేరే ఉంది అందులో, మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పడే క్రమానికి చెప్పుకోదగ్గ నష్టం ఏం జరగలేదట. నా మంట బొమ్మ యాప్ చేసినవాళ్ళకి ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండు.

అప్పట్నించి నేను చేసేది చెప్తాను, మీకు పనికొచ్చింది తీసుకోండి. నా దగ్గర రెండు రకాల రోజులు ఉంటాయి, పెద్ద రోజు, చిన్న రోజు. పెద్ద రోజు అంటే 35 నిమిషాలు, స్క్వాట్లు (కుర్చీలో కూర్చోబోతున్నట్టు మోకాళ్ళు వంచి లేవడం), పుషప్‌లు, ఒక డంబెల్‌తో రోయింగ్ (ముందుకి వంగి బరువుని నడుము వైపు లాగడం), కొంచెం ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ళ మీద ఒళ్ళు బల్లలా బిగబట్టి ఉంచడం), లేదా అదే టైములో వేగంగా నడక. చిన్న రోజు అంటే 6 నిమిషాలు, స్క్వాట్లు 15, మంచం అంచు మీద చేతులు పెట్టి పుషప్‌లు 10, ప్లాంక్ అర నిమిషం, ఇది రెండుసార్లు. బట్టలు కూడా మార్చుకోను. పోయిన నెలాఖరులో రాత్రి 11:40కి ఇన్‌షర్ట్ తీసి చొక్కా చేతులు మడిచి మంచం పక్కన పుషప్‌లు తీస్తుంటే మా ఆవిడ తలుపు దగ్గర నించుని ఏమైంది ఉంగరం ఏదైనా మంచం కిందకి పోయిందా అని అడిగింది.

6 నిమిషాలకి ఒరిగేదేముంది అని మీరు అనుకోవచ్చు, నేనూ అనుకున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పెద్దవాళ్ళకి వారానికి 150 నించి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం, అంటే మాట్లాడగలిగి పాట పాడలేనంత ఆయాసం వచ్చేది, దాంతోపాటు వారంలో రెండు రోజులైనా కండరాలకి పని. ఇదివరకు ఒక్కో విడత కనీసం పది నిమిషాలు ఉంటేనే లెక్కలోకి వస్తుంది అనేవాళ్ళు, 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ షరతు తీసేశారు, ఎంత చిన్న ముక్కైనా లెక్కే. అయినా చిన్న రోజు వల్ల నాకు వచ్చే అసలు లాభం కండ కాదు, మర్నాడు మళ్ళీ కొత్తగా మొదలెట్టాల్సిన అవసరం లేకపోవడం. మొదలెట్టడం దగ్గరే కదా మనం ఎప్పుడూ చతికిలపడేది.

రోజుకి పదివేల అడుగులు వెయ్యలేకపోతున్నానని మీరు రాశారు, దాని గురించి కూడా బెంగ పెట్టుకోకండి. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన ఒక అడుగుల మీటర్ పేరులోంచి వచ్చింది, ఆ పేరుకి అర్థమే పదివేల అడుగుల మీటర్ అని. సగటున 72 ఏళ్ళున్న ఆడవాళ్ళ మీద 2019లో వచ్చిన అధ్యయనంలో రోజుకి సుమారు 2,700 అడుగులు వేసేవాళ్ళతో పోలిస్తే 4,400 వేసేవాళ్ళలోనే మరణాలు బాగా తక్కువ కనిపించాయి, 7,500 దాటాక ఆ తేడా పెరగడం ఆగిపోయింది. మీ వయసుకి అవే అంకెలు అని చెప్పట్లేదు, పదివేలు దాటకపోతే ఆ రోజు వృధా అనుకోవద్దని మాత్రమే.

టైము గురించి. పొద్దున్నే చేసేవాళ్ళని చూసి నేను చాలా ఏళ్ళు సిగ్గుపడ్డాను, ఇప్పుడు పడను. నాకు ఆఫీసు నించి వచ్చి బ్యాగు కింద పెట్టిన వెంటనే అయితేనే కుదురుతుంది, సోఫాలో కూర్చున్నానా ఇంక అంతే, కాడి పడేసినట్టే. అందుకని బ్యాగు పెట్టే చోటే మ్యాట్ పరిచి ఉంచుతాను, దాన్ని దాటుకుంటూ పోవాలంటే మొహమాటంగా ఉంటుంది. నిద్ర తగ్గించుకుని మాత్రం చెయ్యకండి, నాలుగైదు గంటల నిద్రతో వ్యాయామం చేసిన రోజుల్లో నాకు బరువులు కాదు గదా మనుషులే బరువుగా అనిపించారు.

లెక్క రాసుకోవడం బీరువా తలుపు లోపలి వైపు అతికించిన క్యాలెండర్ మీద. పెద్ద రోజుకి అడ్డగీత, చిన్న రోజుకి చుక్క, ఏమీ లేకపోతే ఖాళీ. వరస లెక్కపెట్టను, నెలాఖరున మొత్తం ఎన్ని అని చూస్తాను, అంతే. ఈ రెండేళ్ళలో అన్నిటికంటే మంచి నెలలో 24 గుర్తులు, అన్నిటికంటే చెత్త నెలలో 9. ఆ 9 వచ్చిన నెలలో ఆడిట్, పైగా ఇంట్లో అందరికీ వరసగా జలుబు జ్వరం. పాత నేనైతే ఆ 9 చూసి క్యాలెండర్ చించేసేవాణ్ణి. ఖాళీ గళ్ళ పక్కన కారణం రెండు ముక్కల్లో రాస్తే ఇంకా మంచిది, జ్వరం, ప్రయాణం, బద్ధకం, ఇలా. నా లెక్కలో బద్ధకం అని రాసినవి నేననుకున్నదానికంటే చాలా తక్కువ తేలాయి, అది చూశాక నన్ను నేను తిట్టుకోవడం కూడా తగ్గింది.

గ్యాప్ తర్వాత తిరిగొచ్చేటప్పుడు మాత్రం జాగ్రత్త, ఇక్కడ నేను గట్టిగా దెబ్బతిన్నాను. మూడు వారాలు జ్వరం, నీరసంతో ఆగిపోయి, తిరిగొచ్చిన మొదటి రోజే పోయినవన్నీ వసూలు చేద్దామని పాత బరువు పట్టుకుని పాత లెక్క స్క్వాట్లు తీశాను. ఆ రోజు హీరోలాగే ఉంది. మర్నాడు కొంచెం, రెండో రోజు పూర్తిగా ఒళ్ళు హూనం, మెట్లు వెనక్కి తిరిగి రైలింగ్ పట్టుకుని దిగాను, ఆఫీసులో కుర్చీలోంచి లేవాలంటే టేబుల్ సాయం కావాల్సొచ్చింది. ఆ రకం నొప్పి ఒకటి నించి మూడు రోజుల మధ్య బాగా ముదురుతుంది, అది తెలీక నేను ఏదో నరం తెగిందని భయపడి మళ్ళీ పది రోజులు మానేశాను. అంటే గ్యాప్ వల్ల కాదు, తిరిగొచ్చిన తీరు వల్ల ఇంకో గ్యాప్. రెండు మూడు వారాలు ఆగినంత మాత్రాన బలం పెద్దగా పోదండి, దమ్ము కొంచెం ముందు తగ్గుతుంది, కానీ ఒకసారి సంపాదించుకున్న కండ రెండోసారి తొందరగా తిరిగొస్తుంది. అందుకని ఇప్పుడు నా పద్ధతి, ఎన్ని రోజులు ఆగినా సరే మొదటి వారం అన్నీ సగమే, ఒళ్ళు ఇంకా చేస్తానన్నా ఒప్పుకోను.

చుట్టూ ఉన్నవాళ్ళ సంగతి ఒక్క ముక్క. ఇంట్లోవాళ్ళకి, కొలీగ్స్‌కి ముందే పెద్దగా ప్రకటించకండి. మానేసినప్పుడు వాళ్ళు అడిగే "ఏంటి ఆపేశావా" అన్న మాటకి భయపడే నేను రెండుసార్లు మళ్ళీ మొదలెట్టడం వాయిదా వేశాను. ఒక్క మనిషికి చెప్పండి చాలు, అదీ వెక్కిరించని మనిషికి.

ఇంక మీ భుజం. చెయ్యి పైకెత్తితే పట్టేస్తోంది, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నాను అన్నారు, రెండు వారాలైందన్నారు. అది ఇక్కడ మాలాంటివాళ్ళు చెప్పే చిట్కాలతో లాగించే విషయం కాదు, డాక్టర్‌కి గానీ ఫిజియోథెరపిస్ట్‌కి గానీ చూపించండి, ఏవి చెయ్యకూడదు అని ఎలాగూ చెప్తారు, ఏవి చెయ్యొచ్చు అని కూడా మీరే నోరు తెరిచి అడగండి, ఆ రెండో ప్రశ్న అడక్కే నేను పాతరోజుల్లో నెలలు పోగొట్టుకున్నాను. ఈలోగా స్క్వాట్లకీ, మడమలు లేపడానికీ, నడకకీ భుజంతో పెద్దగా పనిలేదు కదా, రేపు పొద్దున్న బ్రష్ పట్టుకున్నప్పుడు ఒక కాలు లేపి చూడండి, ఎన్ని సెకన్లు నిలబడ్డారో కింద రాయండి. నా మొదటి రోజు లెక్క ఎడమ కాలికి 8.